వండేది కాలేయం... తినేది మెదడు!

ఓ ఇల్లు ఊహించుకోండి. మహాశివరాత్రి రోజు. బామ్మగారు ముందురోజు రాత్రి తొమ్మిదింటికి రెండు ఇడ్లీలు తిన్నారు. ఆ తర్వాత మంచినీళ్లు తప్ప ఇంకేమీ ముట్టలేదు. పొద్దున గుడికి వెళ్లొచ్చారు. మధ్యాహ్నం మారేడు దళాలు తుంచిపెట్టారు. రాత్రంతా జాగారం. తెల్లారి స్నానం చేసి పారణకి కూర్చునేసరికి 34 గంటలైంది. 'కళ్లు తిరుగుతున్నాయా అత్తయ్యా?' అని కోడలు అడిగితే, 'లేదమ్మా, నిన్న మధ్యాహ్నం కాస్త నీరసమనిపించింది. ఆ తర్వాత అసలు ఆకలే తెలియలేదు' అన్నారావిడ.

అదే ఇంట్లో పద్నాలుగేళ్ల మనవడు. నాలుగేళ్లుగా టైప్‌-1 మధుమేహం. రోజూ ఇన్సులిన్‌ తీసుకుంటాడు. శివరాత్రి నాటి పొద్దున్నుంచీ వాడికి వాంతులు. ఏం పెట్టినా ఇమడటంలేదు. 'ఏమీ తినలేదు కదా నాన్నా, ఇవాళ ఇంజెక్షన్‌ వద్దులే. షుగరు పడిపోతే కష్టం' అంది తల్లి. ప్రేమతోనే అంది. చీకటిపడేసరికి పిల్లాడు ఎగశ్వాస పీలుస్తున్నాడు. ఊపిరిలో బాగా మగ్గిన పండు వాసన. తెల్లారి బామ్మగారు పారణ చేయాల్సిన వేళకి మనవడు ఐసీయూలో ఉన్నాడు.

ఇద్దరూ తినలేదు. ఇద్దరి ఒంట్లోనూ తయారైంది ఒకే రకం పదార్థం. దాని పేరు కీటోన్లు. బామ్మగారిని నిలబెట్టినవీ అవే, మనవడిని పడగొట్టినవీ అవే! ఎందుకలా జరిగిందో తెలియాలంటే ఒంట్లో ఏ అవయవం ఏ ఇంధనంతో బతుకుతుందో తెలుసుకోవాలి.

ఇంట్లో రెండు గాదెలు

మనం తిన్న అన్నమైనా నెయ్యి అయినా చివరికి కణంలో ఒకే నాణెంగా మారాలి. ఆ నాణెం పేరు ఏటీపీ. దాన్ని 1929లో ప్రపంచానికి చూపించినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. అమెరికాలోని హార్వర్డ్‌లో సైరస్‌ ఫిస్కేతో కలిసి ఆయన ఆ పని చేశారు. గుండె కొట్టుకోవాలన్నా, కాలు కదపాలన్నా, కన్ను చూడాలన్నా ఖర్చయ్యేది ఈ నాణెమే.

నాణేలుగా మార్చుకోవడానికి ఒంట్లో రెండు గాదెలున్నాయి. మొదటిది గ్లూకోజు గాదె. రక్తంలో తిరిగే గ్లూకోజు మొత్తం కలిపితే ఒక చెంచా పంచదారంత, దాదాపు 5 గ్రాములే. అది తగ్గిపోకుండా కాలేయం 100 గ్రాముల వరకూ గ్లైకోజెన్‌ రూపంలో దాచుకుంటుంది. కండరాల్లో ఇంకో 400 గ్రాముల దాకా ఉన్నా, కండలో దాచింది కండకే. రక్తంలోకి గ్లూకోజుగా తిరిగి రాదు.

రెండోది కొవ్వు గాదె. ఓ మోస్తరు ఒడ్డూపొడుగూ ఉన్న మనిషిలో కూడా 15 కిలోల కొవ్వు ఉంటుంది. గ్రాముకి 9 కేలరీల చొప్పున లెక్కేస్తే అది లక్షా ముప్పై వేల కేలరీలపైమాటే! నెలా రెండు నెలలు గడపడానికి సరిపోయేంత నిల్వ.

మరి ఇంత కొవ్వు ఉండగా భయమెందుకు? పేచీ అంతా మెదడుతోనే.

పెద్దింటి పేచీ

శరీరం బరువులో మెదడు వాటా రెండు శాతమే. ఖర్చులో మాత్రం ఇరవై శాతం దానిదే. మామూలు రోజుల్లో అది గ్లూకోజు తప్ప ఇంకోటి ముట్టదు. రోజుకి 120 గ్రాములు కావాలి. కొవ్వు కణాల నుంచి వచ్చే కొవ్వు ఆమ్లాలు రక్తంలో అల్బుమిన్‌ అనే ప్రొటీన్‌ వీపునెక్కి తిరుగుతుంటాయి. మెదడు చుట్టూ ఉన్న కాపలా గోడను దాటి లోపలికి సరిపడినంతగా వెళ్లలేవు. వెళ్లిన కాస్తనీ మెదడు ఇంధనంగా పెద్దగా వాడుకోదు.

పోనీ, కొవ్వునే గ్లూకోజుగా మార్చేస్తే? అదీ కుదరదు. నూనె నుంచి పంచదార చేయలేనట్లే, మన శరీరం కొవ్వు ఆమ్లాల నుంచి గ్లూకోజు తయారు చేయలేదు. కొవ్వు అణువుకి వెన్నెముకలా ఉండే గ్లిజరాల్‌ నుంచి మాత్రం కొద్దిగా చేసుకోగలదు. మిగతా గ్లూకోజు కోసం కండలోని ప్రొటీన్‌ని కరిగించాల్సిందే.

ఈ లెక్క ఎంత ప్రమాదకరమో చూడండి. ఉపవాసం మొదలైన తొలిరోజుల్లో రోజుకి దాదాపు 75 గ్రాముల ప్రొటీన్‌ కరుగుతుంది. కండలో అయిదో వంతే ప్రొటీన్‌, మిగతాదంతా దాదాపు నీరే. అంటే రోజుకి మూడున్నర వందల గ్రాములకు పైగా కండ పోతున్నట్లు. ఇదే వేగంతో పోతే కొవ్వు గాదె నిండుగా ఉండగానే ఊపిరి పీల్చే కండరాలు కూడా నీరసించి మనిషి పోతాడు. మెదడుని మేపడానికి ఇంటి దూలాలు అమ్మేసినట్లన్నమాట. కరవుకాటకాలు చూసిన మనిషి జాతి ఇన్నాళ్లు నిలిచిందంటే దీనికి ఏదో ఉపాయం ఉండాలి.

ఆ ఉపాయమే కీటోన్లు.

కాలేయం వంటశాల

తినడం ఆగిన కొద్ది గంటలకి రక్తంలో ఇన్సులిన్‌ తగ్గుతుంది. దాంతో కొవ్వు కణాలు తలుపులు తీస్తాయి. కొవ్వు ఆమ్లాలు బయటికొచ్చి కాలేయానికి చేరతాయి. కాలేయం వాటిని చిన్న చిన్న ముక్కలుగా కోసి, రెండేసి ముక్కలు కలిపి అసిటోఅసిటేట్‌ అనే పదార్థం తయారుచేస్తుంది. అందులో చాలా భాగం బీటా హైడ్రాక్సీబ్యుటిరేట్‌గా మారుతుంది. ఇవి రెండూ అసలు ఇంధనాలు. మూడోది అసిటోన్‌. అసిటోఅసిటేట్‌ దానంతటదే విరిగినప్పుడు పుట్టే తరుగు ఇది. గోళ్లరంగు తుడిచే ద్రవంలో ఉండేది ఇదే. ఊపిరిలో పండు వాసన వచ్చేదీ దీనివల్లే.

కీటోన్ల గొప్పతనం ఏమిటంటే... అవి నీటిలో కరుగుతాయి. ఎవరి వీపూ ఎక్కనక్కర్లేదు. మెదడు కాపలా గోడలో వీటికోసం ప్రత్యేకంగా దారులున్నాయి. అంటే, మెదడు తినలేని కొవ్వుని మెదడు తినగలిగే రూపంలో కాలేయం వండిపెడుతోందన్నమాట.

విచిత్రం ఇంకోటుంది. ఇంత వండిన కాలేయం ఒక్క ముద్దా తినదు! కీటోన్లను మళ్లీ ఇంధనంగా విప్పడానికి ఓ ఎంజైము కావాలి. గుండెలో, మెదడులో, మూత్రపిండాల్లో, కండరాల్లో అది ఉంది. కాలేయంలో లేదు. పెళ్లింట వంటమేస్త్రి తానే కూర్చుని తినేస్తే బంతి నడవదు కదా! వండినదంతా బయటికే పోవాలని ప్రకృతి చేసిన ఏర్పాటది.

ఎవరి విస్తట్లో ఏముంది?

బామ్మగారి ఒంట్లోకి తొంగిచూద్దాం. శివరాత్రి పొద్దున ఆరింటికి ఆవిడ కాలేయం దాచుకున్న గ్లైకోజెన్‌తోనే బండి నడుస్తోంది. రాత్రి తొమ్మిదయ్యేసరికి ఆ గాదె చాలావరకూ ఖాళీ. అప్పటికి కీటోన్లు పొద్దుటికంటే ఎన్నోరెట్లు పెరిగాయి. ఇక పంపకాలు మొదలయ్యాయి.

ఎర్ర రక్తకణాలు: వీటికి గ్లూకోజు ఒక్కటే గతి. కొవ్వునీ కీటోన్లనీ కాల్చాలంటే కణంలో మైటోకాండ్రియా అనే పొయ్యి ఉండాలి. వీటిలో అది లేదు. అందుకే ఎన్నాళ్లు పస్తున్నా ఒంట్లో కొంత గ్లూకోజు ఉండితీరాల్సిందే. అయితే ఇవి గ్లూకోజుని పూర్తిగా తగలెయ్యవు. సగం వాడి లాక్టేట్‌గా వదిలేస్తే, కాలేయం దాన్ని మళ్లీ గ్లూకోజుగా మార్చి పంపుతుంది.

గుండె: దీనికి మామూలుగానే కొవ్వు ఇష్టం. కీటోన్లు వస్తే వాటినీ సంతోషంగా తీసుకుంటుంది. 1961లో బ్రిటన్‌లో జాన్‌ విలియమ్సన్‌, నోబెల్‌ గ్రహీత హాన్స్‌ క్రెబ్స్‌ ఎలుక గుండెను బయటికి తీసి, దాన్ని కొట్టుకునేలా ఉంచి పరీక్షించారు. గ్లూకోజు అందుబాటులో ఉన్నా సరే, అసిటోఅసిటేట్‌ ఇవ్వగానే గుండె దానివైపే మొగ్గింది.

ఎందుకు మొగ్గుతుంది? కొవ్వు, కీటోన్లు కణంలో కాలేటప్పుడు అసిటైల్‌ కో-ఎ అనే పదార్థం పోగుపడుతుంది. అది ఎక్కువైతే గ్లూకోజు పొయ్యిలోకి దిగే దారిలో ఉన్న ముఖ్యమైన ఎంజైము మందగిస్తుంది. 'ఇక్కడ పొయ్యి నిండింది, నువ్వు వేరేచోటికి వెళ్లు' అని గ్లూకోజుకి చెప్పినట్లన్నమాట. ఒక ఇంధనం ఇంకో ఇంధనాన్ని ఎలా పక్కకు తప్పిస్తుందో 1963లో ఫిలిప్‌ రాండిల్‌ బృందం వివరించింది. అందుకే ఆ పద్ధతికి ఆయన పేరే స్థిరపడింది. ఇలా గుండె, కండరాలు వదులుకున్న గ్లూకోజు ఎర్ర రక్తకణాలకీ మెదడుకీ మిగులుతుంది.

కండరాలు: వీటి తీరు చూస్తే ముచ్చటేస్తుంది. ఉపవాసం తొలిరోజుల్లో కీటోన్లను ఇవే ఎక్కువగా వాడుకుంటాయి. పస్తు వారాల తరబడి సాగితే మాత్రం కీటోన్లు వదిలేసి నేరుగా కొవ్వు ఆమ్లాల మీదే బతుకుతాయి. ఇల్లు కష్టంలో పడితే పెద్దకొడుకు గంజి తాగి అన్నం తమ్ముడికి వదిలేసినట్లు! దాంతో రక్తంలో కీటోన్లు పెరిగి, మెదడుకి పుష్కలంగా అందుతాయి.

మెదడు: ఇది గ్లూకోజు తప్ప ఏదీ ముట్టదని 1960ల దాకా వైద్యులు గట్టిగా నమ్మారు. హార్వర్డ్‌కే చెందిన జార్జ్‌ కాహిల్‌, ఆలివర్‌ ఓవెన్‌ బృందానికి ఆ లెక్క కుదర్లేదు. అప్పట్లో స్థూలకాయానికి ఆసుపత్రిలో ఉంచి వారాల తరబడి పస్తు పెట్టడం ఓ చికిత్స. అలా అయిదారు వారాలు నీళ్లు, విటమిన్లు, లవణాలతోనే గడిపిన ముగ్గురి మెదడులోకి వెళ్లే రక్తాన్నీ బయటికొచ్చే రక్తాన్నీ వాళ్లు పోల్చి చూశారు. 1967లో ఫలితం ప్రచురించారు. మెదడు వాడుతున్న ఇంధనంలో సగానికి పైగా కీటోన్లే!

దాంతో పాత లెక్క మొత్తం మారిపోయింది. దీర్ఘకాలం పస్తున్న మెదడుకి రోజుకి 40 గ్రాముల గ్లూకోజు చాలు. కండ కరగడం రోజుకి 75 గ్రాముల ప్రొటీన్‌ నుంచి 20కి పడిపోతుంది. ఇంటి దూలాలు అమ్మే పని తప్పింది.

పుట్టిన బిడ్డ మెదడు కూడా కీటోన్లను చురుగ్గా వాడుకుంటుంది. పురుడు పోసుకున్న మొదటి రోజుల్లో తల్లికి పాలు పూర్తిగా పడేలోగా పసిమెదడుని ఆదుకునేవాటిలో ఇవీ ఉన్నాయి.

కళ్లెం ఎవరి చేతిలో?

ఇంత మంచి ఇంధనం మనవడిని ఎందుకు పడగొట్టింది?

కీటోన్లు ఆమ్ల గుణం ఉన్నవి. కొద్దిగా ఉంటే రక్తం తట్టుకుంటుంది. హద్దు దాటితే తట్టుకోలేదు. ఆ హద్దుని కాపాడేది ఇన్సులిన్‌. అన్నం తిన్నప్పుడు చక్కెరను కణాల్లోకి పంపడమే దీని పని అని చాలామంది అనుకుంటారు. పొరపాటు సరిగ్గా అక్కడే ఉంది. ఏమీ తినకపోయినా, నిద్రపోతున్నా క్లోమం కొద్దికొద్దిగా ఇన్సులిన్‌ వదులుతూనే ఉంటుంది. ఆ కొద్దిపాటి ఇన్సులిన్‌ పని కొవ్వు గాదె తలుపుని ఓరగా పట్టుకోవడం. అవసరమైనంతే వదలాలి, వరద రాకూడదు.

బామ్మగారి ఒంట్లో ఇంకో ఏర్పాటు కూడా పనిచేసింది. కీటోన్లు పెరగ్గానే అవి కొవ్వు కణాలను తాకి 'ఇక చాలు' అని చెబుతాయి. క్లోమాన్నీ కొద్దిగా తట్టి ఇన్సులిన్‌ వదిలేలా చేస్తాయి. అందుకే ఆరోగ్యవంతులు వారాల తరబడి పస్తున్నా కీటోన్లు లీటరు రక్తానికి 5-7 మిల్లీమోళ్ల దగ్గర ఆగిపోతాయి. బామ్మగారి 34 గంటల ఉపవాసానికి అవి అందులో ఎన్నో వంతు కూడా చేరవు.

మనవడి క్లోమానికి ఇన్సులిన్‌ తయారుచేసే శక్తి లేదు. రోజూ సూదితో ఇచ్చేదే వాడి కళ్లెం. ఆ రోజు అదీ లేదు. పైగా జబ్బుపడిన శరీరం ఎడ్రినలిన్‌, కార్టిసాల్‌లాంటి ఒత్తిడి హార్మోన్లను విడుదల చేస్తుంది. అవి కొవ్వునీ కరిగిస్తాయి, చక్కెరనీ పెంచుతాయి. అందుకే ఏమీ తినకపోయినా వాడి షుగరు పడిపోలేదు, పైకి ఎగబాకింది. కాలేయం ఆపకుండా గ్లూకోజు చేస్తోంది, కండరాలు తీసుకోలేకపోతున్నాయి. ఆ చక్కెర మూత్రంలో పోతూ ఒంట్లోని నీటినీ లవణాలనూ తోడేసింది. ఇంకోపక్క కీటోన్ల వంట ఆగడంలేదు. మెదడు, గుండె, కండరాలు ఎంత తిన్నా వడ్డన మిగిలిపోతూనే ఉంది. రక్తం ఆమ్లమయమైంది. ఆ ఆమ్లాన్ని వదిలించుకోవడానికే పిల్లాడు అంత లోతుగా ఊపిరి తీశాడు. ఈ ఎగశ్వాసని 1874లో వర్ణించిన జర్మన్‌ వైద్యుడు కుస్మాల్‌ పేరుతోనే వైద్యులు ఇప్పటికీ దాన్ని పిలుస్తారు. జబ్బు పేరు డయాబెటిక్‌ కీటోఅసిడోసిస్‌. ఆలస్యమైతే ప్రాణం పోతుంది.

కళ్లెం తిరిగొస్తే ఏమవుతుందో ప్రపంచం తొలిసారి చూసింది 1922లో. కెనడాలోని టొరంటోలో లియొనార్డ్‌ థాంప్సన్‌కి అప్పుడు పద్నాలుగేళ్లే. జనవరి 11న ఇచ్చిన తొలి ఇంజెక్షన్‌ అంతగా పనిచేయలేదు. జేమ్స్‌ కాలిప్‌ శుద్ధిచేసిన మందుని జనవరి 23 నుంచి ఇస్తే, చక్కెర దిగివచ్చింది. మూత్రంలో కీటోన్లు మాయమయ్యాయి. మరణం అంచున ఉన్న ఆ పిల్లాడు ఇంకో పదమూడేళ్లు బతికాడు.

ఇంట్లో అందరూ తెలుసుకోవాల్సినవి

టైప్‌-1 మధుమేహం ఉన్నవాళ్లు తిన్నా తినకపోయినా, ఒంట్లో బాగున్నా లేకపోయినా బేసల్‌ ఇన్సులిన్‌ పూర్తిగా ఆపకూడదు. భోజనానికి ముందు తీసుకునే మోతాదుని ఎంత తగ్గించాలో, జ్వరం వస్తే ఎంత పెంచాలో డాక్టరుతో ముందే మాట్లాడి కాగితంమీద రాయించుకోవాలి. జబ్బుపడిన రోజున మూడు నాలుగు గంటలకోసారి షుగరూ కీటోన్లూ చూడాలి. కొద్దికొద్దిగా నీళ్లు తాగిస్తూనే ఉండాలి. షుగరు తక్కువగా ఉంటే తీపి పానీయం పట్టి వెంటనే డాక్టరుని అడగాలే తప్ప ఇన్సులిన్‌ మానేయడం పరిష్కారం కాదు.

రక్తంలో కీటోన్లు చూపే మీటరు మీద 0.6 లోపు ఉంటే ఫర్వాలేదు. 1.5 దాటితే ఆలస్యం చేయకుండా డాక్టరుతో మాట్లాడాలి. 3 దాటితే ఆసుపత్రే. మూత్రంలో ముంచి చూసే పట్టీ అసిటోఅసిటేట్‌నే పసిగడుతుంది. ఈ జబ్బులో ఎక్కువగా పెరిగే బీటా హైడ్రాక్సీబ్యుటిరేట్‌ దానికి కనిపించదు. కాబట్టి పట్టీ రంగు లేతగా ఉందని నిశ్చింతగా ఉండకూడదు. వాంతులు ఆగకపోయినా, కడుపునొప్పి, ఎగశ్వాస, మగత, పండు వాసన... వీటిలో ఏది కనిపించినా మీటరు కోసం వెతుక్కోకుండా బయల్దేరాలి.

మధుమేహం ఉందని తెలియని పిల్లల్లో కూడా ఈ జబ్బే తొలి కబురు కావచ్చు. పిల్లాడు విపరీతంగా నీళ్లు తాగుతూ, పక్క తడపడం మళ్లీ మొదలెట్టి, చిక్కిపోతుంటే ఒక్క చుక్క రక్తంతో షుగరు చూపిస్తే చాలు.

టైప్‌-2 ఉన్న పెద్దలకీ ఓ హెచ్చరిక ఉంది. డపాగ్లిఫ్లోజిన్‌, ఎంపాగ్లిఫ్లోజిన్‌ లాంటి మందులు చక్కెరను మూత్రంలో పంపేస్తాయి. గుండెకీ మూత్రపిండాలకీ మేలుచేసే మంచి మందులే. కానీ అరుదుగా, షుగరు పెద్దగా పెరగకుండానే కీటోఅసిడోసిస్‌ రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2015లో హెచ్చరించింది. ఈ మందులు వాడేవాళ్లు ఉపవాసాలకీ ఆపరేషన్లకీ ముందు డాక్టరుని అడగాల్సిందే.

మరి అన్నం మానేసి కొవ్వుతో నడిపే కీటో డైట్‌ల సంగతి? అవీ ఈ సూత్రం మీద పుట్టినవే. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌ వైద్యుడు రసెల్‌ వైల్డర్‌ మూర్ఛ రోగుల కోసం ఈ ఆహారాన్ని ప్రతిపాదించారు. మందులకు లొంగని మూర్ఛ ఉన్న పిల్లలకు నిపుణుల పర్యవేక్షణలో నేటికీ ఇస్తున్నారు. పర్యవేక్షణ అన్నమాటే ముఖ్యం. గర్భిణులు, ఇన్సులిన్‌ వాడేవాళ్లు, పైన చెప్పిన మందులు వాడేవాళ్లు పక్కింటివాళ్లు సన్నబడ్డారని మొదలుపెట్టే డైట్‌ కాదిది.

సమయానికి ఆసుపత్రికి చేరాడు కాబట్టి మన కథలో మనవడు నాలుగు రోజుల్లో ఇంటికొచ్చాడు. వచ్చే ఏడాది శివరాత్రికి బామ్మగారు మళ్లీ ఉపవాసం ఉంటారు. ఆవిడ కాలేయం వండుతుంది, మెదడు తింటుంది, ఇన్సులిన్‌ కళ్లెం పట్టుకుంటుంది. గుడికి బయల్దేరేముందు మాత్రం గుమ్మంలో ఓసారి ఆగుతారు. కోడల్ని ఓ మాట అడగడానికి...

'అమ్మాయ్‌, పిల్లాడు తిన్నాడా లేదా తర్వాత చెబుదువుగాని... ఇంజెక్షన్‌ వేసుకున్నాడా?'